ముడుపులో ఆస్ట్రేలియా బిళ్ల

నాందేడ్‌లో ఉంటూ ఆస్ట్రేలియా నాణేలు పోగేసే పిచ్చి నాకెలా పట్టిందని అడగని చుట్టం లేడు. రైల్వే బుకింగ్ కిటికీ వెనక కూర్చున్నవాడి దగ్గరికి లోకమంతా వస్తుంది. మా ఊరి గురుద్వారాకు ఆ దేశం నుంచి వచ్చే యాత్రికుల జేబుల్లో చిల్లర మిగిలిపోయేది. మన బిళ్లలిచ్చి వాళ్లవి తీసుకునేవాణ్ణి. ఒక పెద్దాయన ఏదో ఉత్సవానికి గుర్తుగా వేసిన పతకం కూడా చేతిలో పెట్టాడు. అది ఏ దేశంలోనూ చెల్లదు. మా ఆవిడ దాన్ని నేతిగిన్నెకు మూత చేసింది. నేను పోగేసినవాటిలో పనికొచ్చింది అదొక్కటేనని ఇప్పటికీ అంటుంది.

నా ప్రాణమంతా ఒక యాభై సెంట్ల బిళ్ల మీద. పన్నెండు కోణాలు, అరచేతిలో మంచి బరువు. టంకశాలలో అచ్చు తిరిగిపోయి తప్పుగా పడింది. ఒకవైపు బొమ్మను నిటారుగా పట్టుకుని పక్కకు తిప్పితే, రెండోవైపు రాణి తలకిందులుగా కనిపిస్తుంది. సరిగ్గా పడ్డవాటిని ఎవరు చూస్తారు? మా పిచ్చివాళ్లకు తప్పు పడ్డవే ముద్దు. రోజూ ఒకసారి తిప్పి చూసుకుంటే గానీ నాకు అన్నం సయించేది కాదు.

పోయినేడాది దాన్ని చూసుకుంటుండగానే గుండెనొప్పితో కింద పడ్డాను. హైదరాబాద్ తీసుకుపోయి ఆపరేషన్ చేయించారు. ఇంటికొచ్చి ఆల్బం తెరిస్తే ఆ బిళ్ల గడి ఖాళీ. బీరువా, పరుపు, బియ్యం డబ్బా అన్నీ తిరగేయించాను. పరామర్శకు వచ్చినవాళ్లందరినీ మనసులో దొంగల్ని చేశాను. పాలు పోసేవాణ్ణి కూడా వదల్లేదు.

"పాణం దక్కింది, సాలదా? బిళ్ల కోసం ఏడుస్తరా?" అని మా ఆవిడ కసిరింది. సిగ్గు విడిచి చెప్తున్నా, నిజంగానే ఏడుపొచ్చేది.

డాక్టరు మెట్లెక్కవచ్చు అన్నాక ఆమె నన్ను మాహూర్ బయల్దేరదీసింది. నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లేముందు రేణుక తల్లికి ముడుపు కట్టిందట. పసుపు గుడ్డలో బిళ్ల పెట్టి, మూడు ముళ్లేసి, దేవుడి గూట్లో ఉంచింది. గుడి మెట్ల దగ్గర కొబ్బరికాయ కొనడానికి పోతూ ఆ మూట నా చేతికిచ్చింది. బొటనవేలికి ఒక కోణం తగిలింది. మన ఇరవై రూపాయల బిళ్లకూ కోణాలుంటాయి గానీ అది ఇంత పెద్దది కాదు. గుడ్డ మీదినుంచే చుట్టూ తడిమాను. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాను! కోపం నెత్తికెక్కింది.

"ఏమే, ఇందుల ఏం బిళ్ల పెట్టినవ్?"

"ఏమో. మీరు కింద పడ్డప్పుడు పక్కకే పడి ఉండె. ఇరవై రూపాయలది అనుకున్న. కండ్లనిండ నీళ్లు, ఏం కనవడ్తది? పాణం నిలవెట్టు తల్లీ అని దొరికింది దొరికినట్టు కట్టిన." నా ముఖం చూసి ఆమెకు అర్థమైపోయింది. "అయ్యో, గదేనా? ఇటు తెండ్రి, ఇప్పుత. తల్లికి ఇంకోటి కడదాం."

మూట లాక్కుని ముడి విప్పబోయింది. ఆ రోజు ఎంత భయంతో బిగించిందో, గోటికి కదల్లేదు. పంటితో లాగబోయింది. నా కోపం అక్కడే చల్లారింది. ఇన్నేళ్ల కాపురంలో ఆమె మీద నాకంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు. మూట తీసుకుని మెట్లెక్కి, నా చేత్తోనే హుండీలో వేశాను.

తిరుగు బస్సు సర్ఖని ఊరు దాటింది. అప్పుడు మెల్లగా అడిగింది: "రాణి తలకిందులున్నదంటిరి గద. తప్పు పడ్డ బిళ్ల ఇచ్చినమని తల్లి ఏమన్న అనుకుంటదా?"

"నా తాన ఉన్న అన్నిట్ల మంచిది గదేనే," అన్నాను.

ఆమె కిటికీ గాలికి తెరుచుకున్న నా చొక్కా గుండీ పెట్టి, కుట్లు కనబడకుండా కప్పింది.