నాకు తెలిసిన రెండో ఎక్స్ఛేంజి

చిత్తూరు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. మొదట్లో ట్రంకు బోర్డు ముందు కూర్చుని ఊళ్ల మధ్య మాటలు కలిపేదాన్ని. తొంభైలలో వీధికొక ఎస్టీడీ బూతు వచ్చాక ఆ బోర్డు మూలబడింది. నన్ను బిల్లుల కౌంటరుకు మార్చారు. రెండువేల ఐదు దాటాక ఒక నెలాఖరున రిటైరయ్యాను. మర్నాడు పొద్దున ఎప్పటిలాగే లేచి, వంట చేసుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని, గడియ తీయబోతుంటే గుర్తొచ్చింది, ఇక వెళ్లాల్సిన చోటంటూ ఏదీ లేదని. అదే చీరతో మధ్యాహ్నం దాకా మంచం మీద కూర్చున్నాను.

నేను పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదో చెప్పడానికి పెద్ద కథేమీ లేదు. నాయన పోయాక తమ్ముడి చదువు నా మీద పడింది, ఆ తర్వాత సంబంధాలు రావడం ఆగిపోయింది. గిరింపేటలో ఒక గదీ వంటిల్లూ ఉన్న వాటాలో అద్దెకుండేదాన్ని. తమ్ముడు పలమనేరులో పొలమూ పాడీ చూసుకుంటున్నాడు. నా రిటైర్మెంటు డబ్బు చేతికొచ్చిందని తెలిసి ఒక ఆదివారం వచ్చాడు.

"అక్కా, దుడ్డు బ్యాంకులో పెట్టుకుని ఏం జేస్తావు? మా రోడ్డు పక్కన ప్లాట్లు ఏస్తాండారు. ఒకటి నీ పేరు మీద తీసుకో."

"తీసుకుని నేనేం జేసేదిరా? ఇల్లు కట్టి అందులో ఎవుర్ని పెట్టేది?"

వాడు కాఫీ తాగి బస్సెక్కాడు.

ఆ వారమే పేపర్లో మదుపు పేజీలో ఒక వ్యాసం చూశాను. ఎక్స్ఛేంజి ట్రేడెడ్ ఫండ్లు, పొట్టిగా ఈటీఎఫ్‌లు అని పైన రాసి ఉంది. జీవితమంతా ఎక్స్ఛేంజి అన్న మాట మా ఆఫీసుకే వాడాను కాబట్టి కన్ను అక్కడ ఆగింది. మూడుసార్లు చదివినా సగం కూడా అర్థం కాలేదు. ఆ ముక్క కత్తిరించి హ్యాండుబ్యాగులో పెట్టుకుని, హైరోడ్డులో బట్టల కొట్టు మీద ఉన్న షేర్ బ్రోకరు ఆఫీసుకు మెట్లెక్కాను.

ఒక హాలు, వరసగా ప్లాస్టిక్ కుర్చీలు, ఎదురుగా టీవీ. టీవీ అడుగున ధరలు పరుగెత్తుతున్నాయి. అంతా మగవాళ్లే. ఒకసారి తిరిగి నన్ను చూసి, మళ్లీ టీవీ వైపు తిరిగారు. వెనక వరసలో కూర్చున్నాను. ఎవరూ ఏమీ అడగలేదు. ఆఫీసు వదిలాక పదిమంది మధ్య కూర్చోవడం అదే మొదటిసారి కాబట్టి, ఏమీ అర్థం కాకపోయినా మూసేవరకూ ఉండిపోయాను. మరుసటి రోజూ వెళ్లాను. ఆ పై రోజూ వెళ్లాను.

నాలుగో రోజు పక్క కుర్చీలో ఉన్న పెద్దాయన పలకరించాడు. తెల్ల చొక్కా, మోకాళ్ల మధ్య గొడుగు. హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాడట.

"ఏమ్మా, మూడు దినాలుగా సూస్తావుండాను. ఏం కొనల్లని వచ్చినావు?"

పేపరు ముక్క తీసి ఇచ్చాను. కళ్లజోడు పైకెత్తి చదివాడు.

"ఇది కొనేవాళ్లు ఈ హాల్లో ఎవురూ లేరు. వీళ్లకు పొద్దున కొని సాయంత్రం అమ్మేది కావల్ల. నువ్వు మార్కెట్‌కు పోతావు గదా, సాంబారుకని అన్ని కూరలూ తలా రెండు ముక్కలు కలిపి కుప్పలు పెట్టి అమ్ముతారే, సూసినావా?"

చూడడమేమిటి, నేను కొనేదే ఆ కుప్ప. ఒక మనిషికి సొరకాయ మొత్తం ఎందుకు, గుమ్మడికాయ ఎందుకు? కూరల ఆవిడ నన్ను చూడగానే అడక్కుండానే కుప్ప తీసి సంచిలో వేసేది. ఆ మాట ఆయనతో అంటే కొంచెం నవ్వాడు.

"అయితే నీకు సెప్పేది సులువు. దేశంలో పెద్ద కంపెనీలు ఒక యాభై తీసుకుని, తలా రవ్వంత కలిపి కుప్ప పెట్టినారు. ఆ కుప్పలో ఒక భాగం ఒక యూనిట్టు. షేరు మాదిరే ఈడ కొనచ్చు, ఈడే అమ్మచ్చు. ఒక ముక్క పుచ్చిపోయినా సాంబారు సెడదు. కానీ షేర్ల మార్కెట్టే పడిందనుకో, కుప్ప మొత్తం పడతాది. అది తెలుసుకునే కొనల్ల."

తర్వాత రోజుల్లో నాకు లెక్కల క్లాసే నడిచింది. ఏ ఫండైనా లోపల ఏమున్నాయో ముందు చూడమన్నాడు. ఏటా ఖర్చు కింద ఎంత కోసుకుంటారో చూడమన్నాడు. ఏ సూచీని, అంటే ఏ కంపెనీల పట్టీని, అనుసరిస్తుందో దాని వెంబడే నడుస్తోందా, వెనకబడుతోందా అని పాత అంకెలు పక్కపక్కన రాయించాడు. అన్నిటికంటే ముఖ్యం, రోజూ దాన్ని కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ తగినంత మంది ఉన్నారా అన్నది. ఐదేళ్లలోపు కావాల్సిన డబ్బు బ్యాంకు దాటి రాకూడదని చెప్పి, మందులకూ అద్దెకూ కావాల్సింది పక్కన పెట్టించాకే ఖాతా తెరవనిచ్చాడు.

దరఖాస్తులో నామినీ గడి దగ్గర నా పెన్ను ఆగింది. చివరికి తమ్ముడి పేరు రాశాను. మాస్టారు అది చూసి చూడనట్టు కిటికీ వైపు తిరిగాడు.

ఏడాది పాటు నెలనెలా కొన్ని యూనిట్లు కొన్నాను. కొన్న రోజు ఇంటికొచ్చి, ఎవరో చుట్టాలు వచ్చిపోయినట్టు, రెండు మూడు గంటలు హుషారుగా ఉండేదాన్ని. తర్వాత బంగారం ఈటీఎఫ్‌లు వచ్చాయి. తీసుకుంటే ఒంటి మీద పెట్టుకునేది కాదు, కాగితం మీద ఉండే బంగారం. నా తర్వాత నగలు వేసుకునే పిల్ల లేదు కాబట్టి అది నా కోసమే పుట్టినట్టు అనిపించింది. ఆ రోజు మాస్టారు రాలేదు. నేనే ఆర్డర్లు వేసే డీలరు దగ్గరికి వెళ్లి, ఇప్పుడున్న ధరకు కొనెయ్యమన్నాను. అమ్మేవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉన్నారట, వాళ్లు చెప్పిన ధరకే నా ఆర్డరు పడిపోయింది. సాయంత్రం లెక్క చూస్తే బంగారం అసలు విలువకంటే బాగా ఎక్కువే పెట్టి కొన్నాను.

మరుసటి రోజు తలవంచుకుని చెప్పాను. నన్ను కోప్పడలేదు.

"యాడైనా ఇంతేమ్మా. కొనేటప్పుడు ఎంతకు కావల్లనో ముందు మనమే సెప్పల్ల. ఆ ధరకు వస్తే తీసుకో, రాకుంటే ఇంటికి పో. రేపూ మార్కెట్టు ఉంటాది."

అప్పటి నుంచి ధర చెప్పకుండా ఆర్డరు పెట్టలేదు.

రెండువేల ఎనిమిదిలో అన్నీ పడిపోయాయి. రోజూ ఎర్ర అంకెలే. మొదటివారం హాల్లో నిలబడడానికి చోటు లేదు, అరుపులు. రెండో నెలకు కుర్చీలు ఖాళీ. తమ్ముడు ఫోను చేసి, "ఉన్నకాడికి అమ్మెయ్ అక్కా, నా మాట ఇను," అన్నాడు. నా కుప్ప విలువ సగానికి దగ్గరపడింది. రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదని చెప్పను గాని, అన్నం మాత్రం సహించేది కాదు.

ఒక మధ్యాహ్నం హాల్లో మేమిద్దరమే మిగిలాం. అమ్మెయ్యనా అని అడిగాను.

"ఆ దుడ్డు ఇప్పుడు నీకు దేనికన్నా కావల్నా?"

"వద్దు సార్."

"అయితే ఉండనీ."

అడగకుండానే తన సంగతి చెప్పాడు. తొంభైలలో ఊరంతా షేర్ల వెర్రిలో ఉన్నప్పుడు ఎవరో చెప్పిన ఒకే ఒక కంపెనీలో ఉన్నదంతా పెట్టాడట. చాలక భార్య గాజులు అమ్మి కూడా పెట్టాడు. ఆ కంపెనీ ఆఫీసుకు వెళ్లి చూస్తే తాళం.

"ఆమె ఒక్క మాట అనలేదమ్మా. పోయేదాకా అనలేదు. తిట్టుంటే బాగుండేది. ఆమె పోయినంక ఇంట్లో కూసోలేక ఈడికి వస్తా. నేను కొనేది లేదు, అమ్మేది లేదు."

ట్రంకు బోర్డు ముందు ఎన్ని వేల మంది మాటలో నా చెవిన పడ్డాయి, ఆయనకు చెప్పడానికి ఒక్కటీ పనికి రాలేదు. కిందికి దిగి రెండు కాఫీలు తెచ్చాను. టీవీ చూస్తూ తాగాం.

తర్వాతి వేసవిలో ఆయన రావడం మానేశాడు. వారం చూసి డీలరును అడిగాను. పది రోజుల క్రితమే పోయాడని, పేపర్లో చిన్న ఫొటో వేశారని చెప్పాడు. మూడేళ్లు పక్కపక్కన కూర్చున్నాం, ఆయన ఇల్లు ఏ వీధిలోనో నేను ఎన్నడూ అడగలేదు. అడ్రసు తీసుకుని వెళ్తే గేటుకు తాళం వేసి ఉంది. పక్కింటివాళ్లు "మీరేమవుతారు?" అని అడిగారు. "తెలిసినవాళ్లం" అన్నాను.

హాలుకు వెళ్లడం తగ్గించాను. యూనిట్లు అలాగే ఉంచాను. మరుసటి ఏడాది ఒక పొద్దున పేపర్లో ధర చూసి, పాత చీటీలు పక్కన పెట్టుకుని లెక్క వేశాను. కొన్న ధరకు తిరిగొచ్చి, కొద్దిగా పైనే ఉంది. రెండోసారి వేశాను. నిజమే. చీర మార్చుకుని హైరోడ్డుకు వెళ్లాను. హాలు మళ్లీ నిండింది, ఒక్క ముఖమూ తెలిసింది కాదు. ఆయన కుర్చీలో ఎవరో కూర్చుని సెల్‌ఫోన్లో గట్టిగా మాట్లాడుతున్నాడు. గుమ్మంలోనే కాసేపు నిలబడి దిగి వచ్చేశాను.

ఎవరికైనా చెప్పాలనిపించి తమ్ముడికి ఫోను చేశాను.

"నా దుడ్డు నాకు తిరిగొచ్చిందిరా. పైన కొంచెం మిగిలింది గూడా."

"మంచిదేలే అక్కా," అన్నాడు. వెనక ఎవరినో కేకేస్తున్నాడు. "ఈడ పొద్దున్నే ఆవు ఈనింది. ఆ పనిలోనే ఉండాను."

"ఏం దూడ?" అని అడిగాను.

"పెయ్యదూడ," అన్నాడు. దాని రంగు ఎలా ఉందో, లేచి నిలబడిందో లేదో, ఇంకా చాలాసేపు అడుగుతూనే ఉన్నాను.