గిటారు పొట్టలో పడ్డ బిళ్ళ

ముందు ఆ కాఫీ గ్లాసులు కింద పెట్టండి. మధ్యలో పొలమారితే నన్ననకండి. మొన్న ఆదివారం ఆకివీడు మిషను గుడిలో ఎవరో ఏలూరు బడిపంతులు ఆరాధన జరుగుతుండగా గిటారుని తలకిందులు చేసి ఊపాడని మీ చెవిన పడే ఉంటుంది. ఆ పంతులు నేనే. వాళ్ళూ వీళ్ళూ చెప్పింది నమ్మకండి, నేను చెప్పేది వినండి. నేనైతే నా పరువు కొంచెం తక్కువ పోయినట్టు చెప్తాను.

నా గిటారు సంగతి మీకు తెలుసు కదా. మా మిషను బళ్ళో పాటలు నేర్పిన దొరసానిగారు సీమకి వెళ్ళిపోతూ, "వాయిస్తూ ఉండండి, మూల పడెయ్యకండి" అని నా చేతిలో పెట్టారు. దాంతోపాటు ఒక చిన్న బిళ్ళ కూడా ఇచ్చారు. తాబేటి డిప్పతో చేసినది. మూడు మూలలుగా, అరిగి నున్నగా ఉండేది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని దాంతో తీగలు మీటాలి. ఆవిడ దాన్ని పిక్కు అనేవారు. పిక్క అంటే మనకి కాలి వెనకాల ఉండేది కాబట్టి నేను బిళ్ళ అనేవాణ్ణి. రెండేళ్ళు వాయించాను గానీ ఆ బిళ్ళ ఎంత ఉందో, ఏ ఆకారంలో ఉందో ఒక్కరోజైనా పరకాయించి చూడలేదు. చేతిలో ఉన్నంతకాలం ఎవరు చూస్తారండీ.

ఇలా ఉండగా ఆకివీడు సంబంధం వచ్చింది. మా అక్కే నాకు పెద్దదిక్కు, ఆవిడింట్లోనే నా కాపురం. ఆవిడే ఉత్తరం విప్పి చదివింది. అమ్మాయి పేరు ఎస్తేరు. టీచరు ట్రైనింగు పాసైంది. తండ్రి రత్నంగారు అక్కడి బడికి హెడ్మాస్టరు, గుడిలో పాటలన్నీ ఆయన చేతిమీదుగానే నడుస్తాయి. "అబ్బాయి గిటారు వాయిస్తాడని విన్నాం. ఆదివారం మా కోత పండుగకి వచ్చి ఒక కీర్తన వాయిస్తే అమ్మాయి కూడా వింటుంది. తరవాత మాట్లాడుకుందాం" అని రాశారు.

"ఇది పిలుపు కాదురా తమ్ముడూ, పరీక్ష" అంది అక్క.

"పరీక్షలు పెట్టేవాణ్ణి, నాకు పరీక్ష ఏమిటక్కా" అన్నాను.

అది బుధవారం. గురువారం సాయంత్రం చాకలి సూరయ్య బట్టలు తెచ్చాడు. చొక్కా జేబులో చెయ్యి పెడితే ఖాళీ.

"సూరయ్యా, ఇందులో ఒక బిళ్ళ ఉండాలి."

"పెంకుముక్కాండీ? బండమీద బాదితే రెండైపోయిందండి. ఇంకెందుకని కాలవలో పారేశానండి. మీకు అలాంటివి కావాలంటే గట్టున బోలెడున్నాయండి, రేపు ఏరి తెస్తాను."

కోప్పడదామంటే మనిషి అంత మర్యాదగా చెప్పాడు. పైగా జేబులో మర్చిపోయింది నేను.

శుక్రవారం బడిలో మా సైన్సు మాస్టారు ఆనందరావుగారికి చెప్పుకున్నాను. ఆయనకి తెలియని విషయం లేదు, తెలియకపోయినా ఆగరు.

"ఇందులో ఏముందండీ. పట్టు కుదరాలంటే వైశాల్యం ఉండాలి. కాస్త పెద్దదే చేసుకోండి."

కొబ్బరి చిప్ప తీసుకుని ఇద్దరం కూర్చుని అరగదీశాం. తమలపాకంత బిళ్ళ తయారైంది. పట్టు మాత్రం బ్రహ్మాండంగా ఉంది, గరిటె పట్టుకున్నంత హాయిగా ఉంది. ఇంటికొచ్చి మీటాను. పక్కింటావిడ గోడమీంచి తొంగి చూసి, "ఏవండీ, కట్టెలు కొట్టిస్తున్నారా? మాక్కూడా కాసిని కొట్టించాలి, మనిషిని పంపుతారా" అంది. ఇంకో నాలుగు దెబ్బలకి సన్నతీగ తెగి నా చెంప మీద కొట్టింది. నా దగ్గర వేరే తీగ ఒక్కటే ఉంది. అది బిగించుకుని ఆనందరావుగారికి కబురు పెడితే, "అయితే సైజు తగ్గించండి" అని జవాబొచ్చింది. తెగింది ఆయన తీగ కాదు కదా.

శనివారం పొద్దున్నే అక్క దగ్గర పళ్ళూడిన కొమ్ము దువ్వెన అడిగి తీసుకున్నాను. ఈసారి చిన్నది, పల్చనిది చెయ్యాలని నిశ్చయించుకున్నాను. మూడు మూలలు గుండ్రంగా రావాలి కదా. ఒక మూల అరగదీస్తే పక్క మూల పెద్దదిగా కనిపించేది. దాన్ని అరగదీస్తే మూడోది వంకరగా ఉండేది. మూడోది సరిచేసేసరికి మొదటిది మళ్ళీ పెద్దది. అన్నం వేళకి మూడు మూలలూ సమానంగా వచ్చాయి గానీ బిళ్ళ చింతగింజంత అయింది.

కానీ ఏం పలికిందనుకున్నారు. గజ్జెలు విన్నట్టే ఉంది. బాధల్లా ఒకటే, వేళ్ళమధ్య నిలవదు. నాలుగు మీట్లకి ఒకసారి ఎగిరిపడుతుంది. అక్క మంచం కింద నుంచి ఆరోసారి తీసిచ్చి, "వేలికి అంటించుకోరాదూ" అంది. బడిలో కాగితాలంటించే తుమ్మజిగురు తెచ్చి చూపుడువేలికి అంటించాను. పావుగంట వాయించినా ఊడలేదు. ఆ వాయించింది వసారాలో, చల్లగాలికి. ఆ ముక్క నాకప్పుడు తట్టలేదు.

మధ్యాహ్నం కొల్లేటి మీద పడవెక్కాను. సగందూరం వెళ్ళాక పడవవాడు ఒక పాట వాయించమన్నాడు. వాయించాను. తెడ్డు వెయ్యడం ఆపి పూర్తిగా విన్నాడు. "శానా బాగుందండి. మరి ఆ వేలికేమైందండి, తేలుగానీ కుట్టిందా?" అన్నాడు. పాట బాగుందన్న మాటే చెవిలో పెట్టుకుని ఆకివీడు చేరాను.

ఆదివారం గుడి నిండిపోయింది. కోత పండుగంటే తెలుసుగా. కానుకలుగా తెచ్చిన ధాన్యం బస్తాలు, గుమ్మడికాయలు, గంపల్లో కొల్లేటి చేపలు, గుమ్మం పక్కన కాళ్ళు కట్టేసిన బాతులు. లోపల ఒకటే ఉక్క. స్త్రీలవైపు మూడో వరసలో ఎస్తేరు కూర్చుంది. చూశాను. ఆవిడా చూస్తోంది, నా మొహం వంక కాదు, నా వేలి వంక. సిగ్గుపడుతోంది కాబోలనుకుని సంతోషించాను.

మొదటి చరణం ఫస్ట్ క్లాసు. రత్నంగారు తల ఆడించారు. రెండో చరణంలో నాకు చెమటలు పట్టాయి, చెమటకి జిగురు కరిగింది. బిళ్ళ వేలిమీద పక్కకి తిరిగింది. బొటనవేలితో నొక్కాను. ఇంకా తిరిగింది. గట్టిగా నొక్కాను. చేపపిల్లలా జారి, గిటారు పొట్టకున్న గుండ్రటి కంతలోంచి లోపలికి పోయి టక్కుమంది.

ఉత్తివేలితో మీటాను. అది నాకు తప్ప ఎవరికీ వినపడలేదు. పాడేవాళ్ళు ఒక్కొక్కరే ఆగిపోయారు. రత్నంగారు కళ్ళజోడు మీంచి చూశారు. బుద్ధున్నవాడైతే లేచి దణ్ణం పెట్టి కూర్చునేవాడు. నేను గిటారుని తిప్పి, కంత కిందికి వచ్చేలా పట్టుకుని ఊపాను.

గలగలమంది గానీ బిళ్ళ రాలేదు. ఇంకొంచెం గట్టిగా ఊపాను. గుమ్మం దగ్గర బాతులు అందుకున్నాయి. ముందు వరసలో ఒక ముసలమ్మ, ఇది తాళమనుకుందో ఏమో, చప్పట్లు మొదలుపెట్టింది. ఆవిణ్ణి చూసి పక్కావిడ, ఆవిణ్ణి చూసి అందరూ. మళ్ళీ పాట లేచింది. ఇక నేను ఆపితే పాట ఆగేటట్టుంది. చేసేదిలేక రెండో చరణం చివరా, మూడో చరణం మొత్తమూ గిటారు ఊపుతూనే ఉన్నాను. పాస్టరుగారు కళ్ళు మూసుకుని భుజాలు కదిలిస్తున్నారు. అది ప్రార్థనో నవ్వో ఇప్పటికీ తెలీదు.

భోజనం రత్నంగారింట్లో. చేపల పులుసు వడ్డిస్తుండగా ఆయన మెల్లిగా అడిగారు. "ఇంతకీ ఆ వాయిద్యం పేరేమిటన్నారండీ?"

"గిటారండీ."

"అలాగాండీ. మేం చూసినవాళ్ళు దాన్ని మీటేవారండి."

అప్పుడు ఎస్తేరు లోపల్నుంచి వచ్చి, "నాన్నగారూ, నేనొకసారి చూడనా" అని గిటారు అందుకుంది. ఊపలేదు. ఒడిలో పెట్టుకుని నెమ్మదిగా ఒకపక్కకి వంచింది. లోపల బిళ్ళ జరుగుతున్న చప్పుడు చెవిపెట్టి విని, కంత అంచుకి వచ్చిందనుకున్నాక ఒక్కసారి బోర్లించింది. చింతగింజ ఆవిడ అరచేతిలో పడింది.

"ఇంత చిన్నదాండీ?" అంది.

తన బైబిలు తెరిచి అందులోంచి ఒక బిళ్ళ తీసింది. తాబేటి డిప్పది, మూడు మూలలది, అచ్చం నాదే. ఆ దొరసానిగారే ఏలూరు రాకముందు వీళ్ళ హాస్టల్లో ఉండేవారట. నాది రెండేళ్ళ వాయింపైతే, ఈవిడది ఆవిడ దగ్గర అయిదేళ్ళ చదువు.

"చూపుడువేలి చివరి కణుపంత ఉండాలండి" అంటూ బిళ్ళని వేలిమీద ఆనించి చూపించింది. "మరీ పెద్దదైతే తీగని కొడుతుంది. చిన్నదైతే బిళ్ళకంటే ముందు వేలు తగులుతుంది. ఇలా పట్టుకుంటే కొస ఒక్కటే బయటికి కనపడాలి. అంటించక్కర్లేదు."

తరవాత వాయించింది. పొద్దున నేను పాడుచేసిన కీర్తనే. మొదట సిగ్గుతో తలవంచుకున్నాను. ఎప్పుడు తలెత్తానో తెలీదు. పాట అయ్యేసరికి విస్తరిముందు నా చెయ్యి ఎండిపోయి ఉంది.

రత్నంగారు గొంతు సవరించుకున్నారు. "అమ్మాయి వాయిస్తుందన్న సంగతి నేను మీకు కావాలనే రాయలేదండి. ఇంతకుముందు ఇద్దరికి ఆ సంగతి రాశాం. వాళ్ళు అసలు రానేలేదు. మీరు వచ్చారు. పైగా అంత జరిగినా పాటయ్యేదాకా కదల్లేదు."

"ఎలా కదుల్తానండీ, గుమ్మం దగ్గర బాతులున్నాయి" అన్నాను.

అప్పటికి లోపలికి వెళ్ళిపోయిన ఎస్తేరు నవ్వు వినపడింది. ఆ ఇంట్లో ఆ పూట నాకు దక్కిన మెప్పు అదొక్కటే.

నిన్న ఉత్తరమొచ్చింది. సంబంధం వాళ్ళకి ఇష్టమేనట. పెళ్ళిలోగా నేను మళ్ళీ మొదట్నుంచీ నేర్చుకోవాలట, వారానికో పాఠం ఉత్తరంలో పంపుతారట. చేతిరాత రత్నంగారిది, మాటలు మాత్రం ఆయనవి కావు. మొదటి పాఠం ఇలా ఉంది: "ముందు గిటారు పట్టుకోవడం నేర్చుకోవాలి. మీరు దాన్ని చంటిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుంటున్నారు."

నేను ముఖం వేలాడేసుకుని కూర్చుంటే అక్క ఆ ఉత్తరం లాక్కుని చదివి మడతపెట్టింది.

"పోనీలేరా, అదొక్కటన్నా వచ్చుగా. ఏడాది తిరిగేసరికి పనికొస్తుంది" అంది.