గంగాభవాని నీళ్లు

ఖరగ్‌పూర్‌లో ఓ కాలేజీ ల్యాబుకి పదకొండేళ్లుగా డిస్టిల్డ్ వాటర్ తీసేది గంగాభవానే. ఉదయం ఎనిమిదింటికల్లా తాల్‌బగీచాలోని ఇంటి నుంచి వస్తుంది. నీళ్లు మరిగించి, ఆవిరి పట్టి, చల్లార్చి, వాటినే మళ్లీ మరిగిస్తుంది. అలా మూడుసార్లు. ఇంత శుభ్రం ఎవరికోసమో ఆవిడ ఎప్పుడూ అడగలేదు.

శ్రీలేఖ అక్కడ రీసెర్చ్ చేస్తోంది. ఆ నీళ్లలో డీఎన్‌ఏ కలిపి, గామా కిరణాల మిషన్లో పెట్టి, దారాలు ఎన్ని తెగాయో చూస్తుంది. ఆ వారం ఎందుకో సరిగ్గా తెగడంలేదు. మూడో రోజు తల పట్టుకుని కూర్చుంది.

"ఏటమ్మా, అలాగున్నావు?" అంది గంగాభవాని.

"మిషను బాగానే ఉందత్తా. డీఎన్‌ఏ ఎప్పుడూ వాడేదే. నీళ్లూ ఎప్పటివే కదా?"

సోమవారం చేసిన పని గంగాభవాని మనసులో మెదిలింది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కాంట్రాక్టు ఉద్యోగం, ఏడాదికోసారి సంతకం పెట్టించుకోవాలి. అయినా చెప్పేసింది.

"సోమారం సీసాలు స్పిరిట్‌తో తొలిసినానమ్మా. వానకి ఆరట్లేదని. తప్పయిపోనాది."

శ్రీలేఖ దిగ్గున లేచింది. కోప్పడలేదు, నవ్వింది.

"అదా సంగతి! కిరణం వెళ్లి దారాన్నే కొడుతుందనుకుంటాం గానీ, ఇక్కడ ఎక్కువగా తగిలేది నీళ్లకేనత్తా. నీటి అణువు విరుగుతుంది. ఆ విరిగిన ముక్క మహా ఆకలిది. రెప్పపాటులో లక్షో వంతు కూడా బతకదు. ఆలోపే ఎదురైనదాన్నల్లా పీకుతుంది. దారం దొరికితే దారం తెగుతుంది. నీ సీసాల్లో స్పిరిట్ ముందు దొరికింది, దారం మిగిలిపోయింది."

"నీళ్లు ఇరుగుతాయేటి?"

"విరుగుతాయి."

గంగాభవాని స్టూలు లాక్కుని కూర్చుంది. "మా ఇంటాయనకి గొంతులో కేన్సరని కలకత్తాలో ముప్పై దినాలు కరెంటు పెట్టినారు. అప్పుడూ ఇదేనా?"

"చాలావరకు ఇదేనత్తా. ఆయన ఒంట్లో నీళ్లే విరిగి ఆ పాడు కణాల దారాల్ని తెంపాయి."

ఆవిడకి ఆ ఆసుపత్రి గుర్తొచ్చింది. ఆ ముప్పై రోజులూ మూసిన తలుపు బయట నిలబడి, లోపలున్న మిషన్‌కి దణ్ణాలు పెట్టుకుంది.

మర్నాడు సీసాలన్నీ ఒట్టి నీళ్లతో పదేసిసార్లు కడిగింది. శుక్రవారం శ్రీలేఖ ఆవిడని చీకటి గదిలోకి పిలిచి చూపించింది. పలకలాంటి జెల్లు మీద నారింజరంగు గీతలు వెలుగుతున్నాయి. కిరణం తగలని దారాలు చుట్టలా బిగిసి ఉండి, విద్యుత్తు లాగితే ముందుకు పరిగెత్తాయి. తెగినవి సడలిపోయి వెనకబడ్డాయి. ఆవిడ ఎంతసేపు చూసిందో ఆవిడకే తెలీదు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి, రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరైన భర్త ఎర్రయ్య గుమ్మంలో టీ తాగుతున్నాడు.

"ఇదిగో, నిన్ను బతికించింది ఏటో తెలుసా? నీ గొంతులో నీళ్లు."

"మరి ఆ మిషను?"

"మిషను నీళ్లని ఇరిసినాది. మిగతాదంతా నీళ్లే సేసినాయి." తెలిసినంతా చెప్పింది.

ఎర్రయ్య టీ గ్లాసు కింద పెట్టి గొంతు తడుముకున్నాడు.

"మరోపాలి సెప్పు," అన్నాడు.