ట్రాక్టర్ బేరానికి గుంటక ఎత్తుకెళ్లిన రోజు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లోకంలో ఒక్కటీ ఉండేది కాదు. వయసు ఇరవై రెండు. కోవిల్‌పట్టిలో మెకానికల్ డిప్లొమా అయిందనిపించుకుని ఇంటికొచ్చాను. రెండు అరియర్లు మిగిలాయనుకోండి (తప్పిన పేపర్లకు మా వైపు అంత మర్యాదైన పేరుంది), అయినా కళుగుమలైకి అవతల, రోజుకు నాలుగుసార్లే బస్సు వచ్చే మా ఊళ్లో నేను ఇంజినీరునే. మిక్సీ ఆగితే నన్ను పిలిచేవాళ్లు, బోరు మోటారు మొరాయిస్తే నన్ను పిలిచేవాళ్లు. నేను వెళ్లి, నడుం మీద చేతులు పెట్టుకుని, తల రెండుసార్లు ఊపి, కాయిల్ పోయినట్టుందని చెప్పేవాణ్ని. ఏది పాడైనా కాయిలే పోయేది. ఆ తరవాత ఎవరో మెకానిక్కు వచ్చి బాగుచేసి వెళ్లేవాడు, పేరు మాత్రం నాకు మిగిలేది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది గానీ, అంత హాయిగా నేను మళ్లీ ఎప్పుడూ బతకలేదు.

ఆ ఏడు ఆవణి నెలలో, అంటే ఆగస్టు చివర, మా ఎర్రోడు చచ్చిపోయాడు. మాకున్న రెండెద్దుల్లో వాడొకడు. రెండోవాడు మయిలోడు, బూడిదరంగు వాడు, అప్పటికే ముసలివాడు. ఒంటెద్దుతో దుక్కి సాగదు, వచ్చే నెల పురటాసి వాన పడేలోపు నల్లరేగడిలో విత్తనం పడకపోతే మాకు ఆ ఏడంతా పంట లేనట్టే. అందుకని మా నైన, అంటే నాన్న, ఒక మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని, చిన్న ట్రాక్టర్ కొందామని తేల్చేశాడు. "బండి వస్తే మయిలోడు పోవాల. కొట్టంలో రెండిటికీ చోటు లేదు" అని కూడా అన్నాడు. మా కొట్టం రెండెద్దులు నిలబడేటంత. చిన్నదైనా ట్రాక్టర్ ట్రాక్టరే కదా, మొత్తం అదే ఆక్రమిస్తుందని ఆయన లెక్క. పనిచేయలేని ముసలెద్దును కొనే లారీ ఎక్కడికి పోతుందో ఇంట్లో అందరికీ తెలుసు, ఆ మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. తాత సగం కూడు వదిలేసి చెయ్యి కడుక్కున్నాడట. నేను చూడలేదు. నేను రంగురంగుల ట్రాక్టర్ కాగితాల్లో మునిగి ఉన్నాను. అందులో ఒక ఎర్ర బండి నన్నే చూస్తున్నట్టుండేది.

బండి ఎంచే పని ఇద్దరికి అప్పజెప్పారు. పొలం తాతది కనక తాతకు, ఇంజినీరును కనక నాకు. నేను నిగనిగలాడే చొక్కా వేసుకుని బస్సు కోసం నిలబడితే, తాత గుంటక భుజాన వేసుకుని వచ్చాడు. గుంటకంటే, సాళ్ల మధ్య కలుపు పోవడానికి ఎద్దుల వెనక కట్టి తోలేది, కొయ్య దూలానికి ఇనప పలక బిగించి ఉంటుంది. పలక ఊడదీసి దూలం మాత్రం తెచ్చానని, బరువు లేదని నాకే ధైర్యం చెప్పాడు. ఎందుకు తాతా అంటే, "ఇది సాళ్ల మద్దెలో పోతాది కదా, బండీ పోవాల. దీని కొలతలో ఇమిడితేనే కొనేది" అన్నాడు. నేను నడుం మీద చేతులు పెట్టుకుని తలూపాను. శాస్త్రీయంగానే ఉందనిపించింది. కండక్టరు దానికి లగేజీ టికెట్టు కొట్టాలా, ముసలాయన చేతికర్ర అనుకుని వదిలేయాలా అని కాసేపు ఆలోచించి, చివరికి దాని మీద టికెట్ల సంచి తగిలించుకున్నాడు.

ఇక్కడ మా భాష సంగతి ఒకటి చెప్పాలి. మా వైపు ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం (తెలుగు అక్షరాలు నాకు ముప్పై దాటాక పట్టుబడ్డాయి, తప్పులుంటే మన్నించండి). కానీ గడప దాటాక కూడా తెలుగుకు ఒక పనుంది, అది బేరం. చీరల కొట్లో మా అమ్మ అంగడివాడితో తమిళంలో నవ్వుతూ, మాతో తెలుగులో "వీడు నోరు తెరిస్తే అబద్దం, లేవండి పోదాం" అనేది. అంగడివాడికి ఏమీ అర్థం కాదని మా గట్టి నమ్మకం. చుట్టుపక్కల ఊళ్లలో సగం ఇళ్లలో తెలుగే మాట్లాడతారని మాకూ తెలుసు. అయినా అవతలివాడు మాత్రం ఆ సగంలో వాడు కాడని ప్రతి ఇంటివాళ్లూ నమ్ముతారు.

కోవిల్‌పట్టి షోరూములో టై కట్టుకున్న తంబి ఒకడు మమ్మల్ని కూర్చోబెట్టి గుర్రపుశక్తి గురించి గడగడా తమిళంలో చెప్పుకుపోయాడు. తాత వింటూనే లేచి వెళ్లి సంతలో ఎద్దును చూసినట్టు బండిని చూడ్డం మొదలుపెట్టాడు. ముందు చుట్టూ తిరిగి, చెడ్డ వెంట్రుకల సుడి ఎక్కడైనా ఉందేమో వెతికాడు. ముందు చక్రాలను పిడికిలితో కొట్టాడు, వెనక్కి వెళ్లి వంగి చూశాడు, దాన్ని నాలుగడుగులు వెనక్కి నడిపించమన్నాడు. వెనక్కి నడిచేటప్పుడు తల విసిరే ఎద్దును కొనకూడదట. పని లేని రోజు ఎంత తాగుతుందని అడిగాడు. చుక్క కూడా తాగదని తంబి గర్వంగా చెప్పాడు. తాత నా వైపు తిరిగి తెలుగులో, పని లేని రోజు ఆకలి కాకపోతే అదేం ప్రాణమని విసుక్కున్నాడు. ఆ తరవాత గుంటక తీసి రెండు చక్రాల మధ్య పెట్టాడు. చక్రాల ఎడం గుంటక కంటే చాలా ఎక్కువ. వద్దన్నాడు. పక్క బండికి పెట్టాడు, అదీ వద్దన్నాడు. నా ఎర్ర బండికీ పెట్టి, "దీని కడుపులో గుంటక ఈతాడతాది" అని కొట్టేశాడు. ప్రతిసారీ తంబి నా మొహం చూసేవాడు, నేను తలూపేవాణ్ని. బయటికొచ్చాక తాత చెనక్కాయ మిఠాయి, అదే గట్టి పల్లీపట్టి, ఒకటి కొని పంచెలో దోపుకున్నాడు. పళ్లు లేని మనిషికి చెనక్కాయ మిఠాయి ఎందుకో నాకప్పుడు అనుమానం రాలేదు. (ఇంజినీర్లకు అలాంటి అనుమానాలు రావు.)

అక్కణ్నుంచి విరుదునగర్ బస్సెక్కాం. బజారులో మిరపకాయల ఘాటుకు తాత ఏడు తుమ్ములు తుమ్మాడు, నూనె పరోటా తిన్నాక కాస్త కుదుటపడ్డాడు. అక్కడి షోరూములో మేనేజరు ఒక ఆడమనిషి, నలభై దాటి ఉంటుంది, కళ్లద్దాలు ముక్కు చివర ఉండేవి. పనివాళ్లంతా అక్క అనేవాళ్లు. ఆమె తమిళంలో ఏం పంట, ఎంత నేల అని రెండు మాటలడిగి, నిదానంగా చూసుకోమని తన బల్ల దగ్గర కాగితాల్లో తల దూర్చింది. తాత మళ్లీ సుడులు వెతికాడు, మళ్లీ గుంటక పెట్టాడు, మళ్లీ అన్నీ కొట్టేశాడు. మూలన ఒక చిట్టి బండి ఉంటే అది పిల్లల ఆటబొమ్మని నేనే కొట్టేశాను. చివరికి ఇద్దరం ఆమె బల్లకు రెండు బారల దూరంలో ప్లాస్టిక్ కుర్చీల్లో కూలబడ్డాం. వాన ముంచుకొస్తోంది, వట్టి చేతులతో పోతే నైన ఊరుకోడు. తాత మామూలు గొంతుతోనే, తెలుగే కదా అన్న ధైర్యంతో, మొదలుపెట్టాడు.

"రేయ్, ఏ బండీ మన నేలకు పనికిరాదని మీ నైనతో చెప్పేసెయ్. నువ్వు చెప్తే నమ్ముతాడు."

ఎందుకు తాతా అన్నాను. ఆయన గుంటకను ఒళ్లో పెట్టుకుని దాన్నే నిమురుతున్నాడు.

"బండి వస్తే వాడు పోతాడు. పదమూడేండ్లు నా ముందర నడిచినాడురా. వాణ్ని లారీ ఎక్కించి నేనెట్ల కూడు తినేది?"

పొద్దుట్నుంచీ నేను ఎర్ర బండి మీద కూర్చుని ఊళ్లోకి వెళ్తే ఎవరెవరు చూస్తారా అని ఆలోచిస్తున్నాను, ఆయన మయిలోడి ప్రాణాన్ని ఆ దూలం మీద మోసుకుని తిరుగుతున్నాడు. ఆ క్షణంలో నాకు అబద్ధం ఆడబుద్ధి కాలేదు. "తాతా, నాకు ట్రాక్టర్ గురించి ఏమీ తెలీదు. చదువులో అది రానేలేదు. పొద్దుట్నించి ఊరికే తలూపుతుండా" అని చెప్పేశాను.

"తెలుసులే. అందుకే కదా నిన్ను పిలుచుకొచ్చింది" అన్నాడు తాత, ఏమాత్రం ఆశ్చర్యపోకుండా.

ఆ మాట నాకింకా దిగకముందే, కాగితాల్లోంచి తలెత్తకుండా అక్క మాట్లాడింది. మా అమ్మ మాట్లాడే తెలుగులో, అదే సాగతీతతో.

"తాతా, గుంటక ఏంటికి తెచ్చినారు? కాడి కదా తేవాల."

నాకు కుర్చీలోంచి కిందికి జారిపోయి ఆ చిట్టి బండి కింద దాక్కోవాలనిపించింది. తాత మొహం మిఠాయి దొంగిలిస్తూ దొరికిన పిల్లాడి మొహంలా అయింది. ఆమె లేచి వచ్చి మా ఎదురుగా కూర్చుంది. సాత్తూరు దగ్గర వాళ్ల నాయన కూడా ఎద్దులతోనే సేద్యం చేశాడట. గుంటక సాళ్ల మధ్య పోతుంది నిజమే, కానీ దాన్ని లాగే ఎద్దులు ఆ పక్కొకటి ఈ పక్కొకటి ఎడంగా నడుస్తాయి, చక్రాలు నడవాల్సింది ఎద్దులు నడిచే చోట, ఆ ఎడం కొలిచేది కాడి, ఎద్దుల మెడ మీద ఉండే కాడి. ఈ సంగతి నాకు చెప్తున్నట్టు చెప్పిందే గానీ ఆమె చూపంతా తాత మీదే ఉంది. అరవై ఏళ్లు దున్నిన మనిషికి కాడికీ గుంటకకూ తేడా తెలియదా? తెలిసే, ఏ బండీ ఇమడని కొలత ఏరి తెచ్చాడు. ఆ తేడా పట్టలేని ఇంజినీరును కూడా ఏరి తెచ్చాడు.

అక్క నవ్వలేదు, కోప్పడలేదు. ఇంకో మాట అడిగింది. "చచ్చిపోయిన ఎద్దు నిలబడిన చోటు ఎంత ఉండాది?"

తాత లేచి, గుంటకను షోరూము నేల మీద ఒకసారి పెట్టి, దాని చివర నుంచి ఇంకోసారి పెట్టి, ఆపైన ఒక జాన చూపించాడు. ఎర్రోడి చోటది, ఆయన చేతికి కంఠస్థం. అక్క మమ్మల్ని మూలనున్న చిట్టి బండి దగ్గరికి తీసుకెళ్లింది, నేను ఆటబొమ్మన్న దాని దగ్గరికే. తాత ఈసారి గుంటకను చక్రాల మధ్య కాక, బండి ఈ అంచు నుంచి ఆ అంచుకు పెట్టి కొలిచాడు. రెండు గుంటకల్లోపే అయిపోయింది. మళ్లీ కొలిచాడు. మూడోసారి నన్ను కొలవమన్నాడు. చక్రాలు విప్పి తిరగేసి బిగిస్తే ఎడం పెరుగుతుంది, తగ్గుతుంది, మీ కాడి కొలతకు నేనే పెట్టించి ఇస్తానని అక్క చెప్పింది. తాత ఆ బండికి సుడి వెతకలేదు. దాని తల మీద, అంటే బానెట్టు మీద, అరచెయ్యి పెట్టి, "సరి, ఇంటికి రా" అన్నాడు.

ఆ బండి ఇంటికొచ్చిన పొద్దున నైన దాన్ని చూసి, ఇంతేనా అన్నాడు. తాత కొట్టం తలుపు తీసి, ఎర్రోడి చోట్లోకి తోలించాడు. ఇంకా ఒక జాన మిగిలింది. నైన ఆ జానను చూశాడు, మయిలోణ్ని చూశాడు, తన నాయనను చూశాడు, లారీ మాట మళ్లీ ఎత్తలేదు. మయిలోడు బండిని ఒకసారి వాసన చూసి మొహం తిప్పుకున్నాడు. తాత వాడికి చెనక్కాయ మిఠాయి సగం తినిపించి, మిగతా సగం బానెట్టు మీద పెట్టాడు. జోడికి పెట్టకపోతే ఎలా అన్నాడు. దాన్ని ఈగలు తిన్నాయనుకోండి. ఆ ఏడు వానకు రెండు రోజుల ముందే విత్తనం పడింది. మయిలోడు ఆ తరవాత నాలుగేళ్లు ఉన్నాడు. మెడ మీద కాడి లేకుండా, పొద్దుటే బండి స్టార్టయిన చప్పుడుకు లేచి నిలబడి, అది పొలానికి పోతుంటే చూసేవాడు.

ఆ రోజు మేం షోరూము దాటుతుంటే అక్క నన్ను వెనక్కి పిలిచి, తెలీదని ఒప్పుకునేవాళ్లు ఈ పనిలో తక్కువ, అరియర్లు రాసేసి రమ్మంది. రాశాను, వచ్చాను. ఇప్పుడామె రిటైరైంది, ఆ బల్ల వెనక నేనున్నాను, ముక్కు చివర కళ్లద్దాలు కూడా వచ్చాయి. వారానికొక కుటుంబమైనా వస్తుంది. నాతో తమిళంలో నవ్వి, ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని, తెలుగులో నా ఎదుటే నన్ను తిట్టుకుంటుంది. నేను కాగితాల్లో తల దూర్చి వింటాను. ఏ బండి కావాలో వాళ్లు నాతో చెప్పరు, అక్కడే చెప్పుకుంటారు. అందులో నిగనిగలాడే చొక్కా వేసుకుని తలూపేవాడు ఒకడు తప్పకుండా ఉంటాడు, వాణ్ని చూస్తే నాకు ఎక్కడలేని ముద్దొస్తుంది. అంతా విన్నాక తలెత్తి, ఇంట్లో ఎద్దు ఉండాదా అని తెలుగులో అడుగుతాను. ముందు ఉలిక్కిపడతారు, తరవాత నవ్వేస్తారు, ఈ కాలంలో ఇంకా ఎద్దులెక్కడివి అంటారు. ఎప్పుడో ఒకసారి, మూలన కూర్చున్న ముసలాయన మాత్రం నవ్వకుండా, ఉండాది అంటాడు. అప్పుడు నేను టేపు సొరుగులోనే వదిలేసి, గోడకానించి పెట్టుకున్న మా తాత గుంటక తీసుకుని లేస్తాను.