సగం నుంచి చూసిన బొమ్మలు

మా గుడిలో క్రిస్మస్ నాటకం రిహార్సల్ జరుగుతుంటే మావయ్యగారు చేతికర్ర నేలకేసి కొట్టి ఆపించారు. ఆయన నాకు చుట్టం కాదు. సంఘ పెద్ద, మా చిన్నప్పటి సండే స్కూలు టీచరు. మా ఈడు వాళ్లందరికీ ఆయన మావయ్యగారే.

ఆయన ఆపింది మా అమ్మాయిని. ఐదో తరగతి చదువుతోంది. సత్రం యజమాని వేషం. నిండు నెలల భార్యని వెంటబెట్టుకుని భర్త తలుపు తట్టగానే, అది మెడ ముందుకు సాచి ముక్కుతో పలికింది.

“క్షమించు మిత్రమా! ఇక్కడ గాలికి కూడా చోటు లేదు!”

టీవీలో కార్టూన్ బొమ్మలకి పెట్టే డబ్బింగ్ గొంతు అది. గొర్రెల కాపరులూ దేవదూతలూ ఒకరి మీద ఒకరు పడి నవ్వారు.

“ఇది దేవుడి మందిరమా, కార్టూను ఛానలా?” అన్నారు మావయ్యగారు. “ఆ వేషం ఇంకో పిల్లకివ్వండి. పొద్దస్తమానం ఆ బొమ్మలు చూస్తే ఇంతే. వీళ్ల తల్లిదండ్రుల చిన్నప్పుడు వచ్చే ప్రోగ్రాములు ఎంత పద్ధతిగా ఉండేవి! ప్రతిదాంట్లోనూ ఓ నీతి ఉండేది.”

చుట్టూ ఉన్న తల్లిదండ్రులు తలలూపారు. మా అమ్మాయి నావైపు చూసింది. ఆ వేషం వచ్చినప్పటి నుంచి అద్దం ముందు గొంతులు మార్చి మార్చి చెప్పుకున్న పిల్ల. తలపాగా అప్పటికే దాని కళ్ల మీదకి జారింది.

నా పని లెక్క. పెడనలో ఒక కలంకారీ షెడ్డులో, దుప్పటి కొలతని బట్టి అంచు అచ్చు ఎలా వేసుకుంటూ వెళితే నాలుగు మూలలా కలుస్తుందో చెబుతాను. ఎవరూ నేర్పలేదు, బట్ట పాడు చేసి నేర్చుకున్నాను. మూల కలవకపోతే మధ్యలో పువ్వు ఎంత అందంగా ఉన్నా నేను ఒప్పుకోను. మావయ్యగారి మాట నాకు మూల కలవలేదు.

మా రోజుల్లో పిల్లల ప్రోగ్రాము ఆదివారం ఉదయం వచ్చేది. సండే స్కూలు కూడా అప్పుడే. బంగారు వాక్యం, అంటే ఆ వారం బైబిల్లోంచి ఇచ్చిన వచనం, అప్పజెప్పిన వాళ్లని మావయ్యగారు ముందు వదిలేవారు. అందుకని అర్థం ఏమిటో చూసుకోకుండా గడగడా అప్పజెప్పి, పక్కవీధిలో మగ్గాలున్న ఇంటికి పరుగెత్తేవాళ్లం. ఆ చుట్టుపక్కల టీవీ వాళ్లకే ఉండేది. మేం వెళ్లేసరికి కథ సగం అయిపోయేది. మిగిలిన సగం హిందీలో ఉండేది.

ఒకసారి గుడ్డబొమ్మల కథలో ముసలమ్మ చివర్లో పిల్లలందరికీ మిఠాయిలు పంచింది. ఎంత మంచి ముసలమ్మో అని మేం మురిసిపోయాం. మర్నాడు బళ్లో మగ్గాల ఇంటి పిల్ల, “మంచిదేంటే! ఆ మిఠాయిలు దొంగిలించిందే అది. దొరికిపోయి తిరిగిచ్చేసింది” అంది. ఆ పిల్లకీ హిందీ రాదు. ఎవరిది నిజమో నాకు ఈరోజుకీ తెలియదు.

అందుకని లేచి నిలబడ్డాను.

“మావయ్యగారూ, ఒక్క మాటండీ. ఇక్కడున్నవాళ్లలో ఆ ప్రోగ్రాము ఒక్కటైనా మొదటి నుంచీ చివరి దాకా చూసినవాళ్లు చెయ్యెత్తండి.”

ఒక్క చెయ్యీ లేవలేదు. అందరం ఆయన దగ్గర వాక్యం అప్పజెప్పిన వాళ్లమే.

“మీరైనా చూశారాండీ? అప్పట్లో టీవీని సాతాను డబ్బా అన్నది మీరే కదండీ.”

“నీకు నోరు బాగా లేచిందమ్మాయ్.”

“మీ దగ్గర గడగడా అప్పజెప్పి అలవాటైందండీ.”

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నాకు నవ్వు రాలేదు. ఇప్పటి బొమ్మలు గొప్పవని నేను అనను. అరుపులెక్కువ, కన్ను నిలిచే లోపే దృశ్యం మారిపోతుంది, కథకంటే బిస్కెట్ల ప్రకటనలే ముందు గుర్తుంటాయి. ఫోన్లో వచ్చే తలాతోకా లేని వీడియోలు మా ఇంట్లో నేనే ఆపేశాను. ఆ “మిత్రమా” తెలుగు బందరులోనూ లేదు, గుడివాడలోనూ లేదు. ఇవన్నీ ఒక పక్క రాసుకోండి.

రెండో పక్క కూడా రాసుకోండి. మేం చూసిన సగాల్లో ఆడపిల్ల బొమ్మ ఏడ్చేది, నీళ్లు తెచ్చేది, లేదంటే కుర్రాడొచ్చి విడిపించే దాకా కట్టేసిన చోటే ఉండేది. మా అమ్మాయి చూసేదాంట్లో ఒక పిల్ల పడవ ఇంజను విప్పి బాగుచేస్తుంది. ఆడపిల్ల ఇంజను విప్పిందేమిటని ఆ కథలో ఎవరూ ఆశ్చర్యపోరు. కథ మా అమ్మాయికి మొదటి నుంచీ అందుతుంది, తెలుగులో అందుతుంది. నాకు ఇవేవీ దొరకలేదు. దొరకనిదాన్ని బంగారు కాలం అని నేను పొగడను.

నాటకం నేర్పిస్తున్నది పాస్టరుగారి భార్య. ఆవిణ్ని అందరం అమ్మగారు అంటాం. ఆవిడ మా అమ్మాయిని దగ్గరికి పిలిచారు.

“ఆ గొంతే ఎందుకే?”

“ఆ సత్రం ఆయన మంచోడు కాదు కదండీ అమ్మగారూ. మామూలు గొంతు పెడితే, పాపం నిజంగానే చోటు లేదేమో అనుకుంటారు.”

అమ్మగారు ఆలోచించారు. “అలాగే చెప్పు. కానీ తలుపు మాత్రం మెల్లిగా వెయ్యి” అన్నారు.

“రేపు జనం నవ్వితే?” అన్నారు మావయ్యగారు.

“నవ్వుతారండీ,” అన్నాను.

నవ్వారు. నాటకం వేసే క్రిస్మస్ ట్రీ పండగ నాడు గుడి నిండా జనం. మా అమ్మాయి “మిత్రమా” అనగానే చాపల మీద ఆడవాళ్లూ కుర్చీల్లో మగవాళ్లూ ఒక్కసారిగా గొల్లుమన్నారు. అది మెల్లిగా తలుపు వేసింది. నిండు నెలల మనిషి ఆ గుమ్మం ముందు చతికిలబడింది. నవ్వు దానంతటదే ఆగిపోయింది.

ముందు వరసలోంచి మావయ్యగారు వెనక్కి తిరిగి నావైపు చూశారు. మెచ్చుకోలేదు. నేనూ తల దించుకోలేదు.