తాడు కొస పట్టినవాళ్ళు

వాల్తేరులో మెకానికల్ ఇంజనీరింగు చదివిన ఐదేళ్ళలో నేను ఒకచోట కుదురుగా కూర్చున్న పూట ఒక్కటీ గుర్తు రాదు. డ్రాయింగు హాల్లో అందరూ బోర్డుల మీద వంగి గీతలు గీస్తుంటే నేను పెన్సిలు చెక్కుకునే నెపంతో కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడేవాణ్ణి. హాస్టల్లో నా గదిలో ఉండే బొబ్బిలి వైపు రైతుబిడ్డ నేను కాళ్ళూపుతుంటే మంచం అదురుతోందని విసుక్కునేవాడు. "ఒరే, కాళ్ళకి మోటారు బిగించుకున్నావేటి? ఆపరా బాబూ, కరెంటు దండగ" అనేవాడు. ఆదివారం వస్తే ఏ పనీ లేకుండా పాసింజరు ఎక్కి విజయనగరంలో దిగి, కోట దాకా నడిచి, టీ తాగి, సాయంత్రం బండికి తిరిగొచ్చేవాణ్ణి. ఎందుకెళ్ళావంటే చెప్పడానికేమీ ఉండేది కాదు.

కారణం లేకపోలేదు. శ్రీకాకుళంలో మరో బస్సు మారి, అది ఆగిపోయిన చోటు నుంచి ఇసకలో నడిస్తే వచ్చే సముద్రపొడ్డు పల్లె మాది. చేపల వేట తప్ప మరో బతుకు తెలియని ఇళ్ళు. అక్కడినుంచి కాలేజీకి వెళ్ళిన మొదటివాణ్ణి నేను. నా ట్రంకుపెట్టెలో అమ్మ పెట్టిన ఎండు నెత్తళ్ళ వాసన బట్టలకి పట్టి వదిలేది కాదు. తోటివాళ్ళు పెద్దగా వెక్కిరించిందీ లేదు. నాకు నేనే సిగ్గుపడి, మా పల్లెని ఎలాగైనా మార్చెయ్యాలని తహతహలాడేవాణ్ణి. అది పల్లె మీద ప్రేమ అనుకున్నాను. అందులో సగం పైగా సిగ్గే.

అరవైల చివర, నా మూడో ఏడు చదువులో, కాలేజీ లేబరేటరీలో గోడకి బిగించిన చిన్న వించి ఒకటి మా చేత తిప్పించారు. హ్యాండిలు తిప్పితే చిన్న పళ్ళచక్రం పెద్ద చక్రాన్ని తిప్పుతుంది. దానితోపాటు తిరిగే దుంగకి తాడు చుట్టుకుంటూ, అవతల వేలాడే బరువు పైకి లేస్తుంది. నేను రెండు వేళ్ళతో తిప్పి మనిషంత బరువు లేపాను. లేపుతుండగానే మా ఒడ్డున జనం వల లాగడం కళ్ళ ముందు ఆడింది. రీడింగులు రాసుకోవడం కూడా మరిచిపోయాను.

మా ఒడ్డున అలివి వల వేస్తారు. పడవ మీద వలని లోపలికి తీసుకెళ్ళి వంపుగా దింపి, దాని రెండు కొసల తాళ్ళనీ ఒడ్డుకి తెస్తారు. ఒక్కో తాడునీ ఒక్కో గుంపు లాగుతుంది. ముందు వయసు మగవాళ్ళు, వాళ్ళ వెనక నడివయసు వాళ్ళు, కొసన ముసలివాళ్ళు, మగదిక్కు లేని ఆడవాళ్ళు. వల ఒడ్డెక్కాక వలకి ఇంత, పడవకి ఇంత తీసి, మిగిలిన చేప తాడు పట్టిన ప్రతి చేతికీ పంచుతారు. రొమ్ము విరిగేలా లాగినవాడికీ పాలు ఉంది, కొసన వేళ్ళు ఆనించినదానికీ పాలు ఉంది. తాడు పట్టినవాళ్ళని వట్టి బుట్టతో పంపరు. తాడు పట్టనివాళ్ళు బుట్ట చాపరు.

మా మేనత్త కొసన పట్టేది. ఆమె మొగుడు వేటకి వెళ్ళి తిరిగి రాలేదు. మా అయ్య తనింట్లో ఉండమంటే ఉండకుండా, పక్కనే పాక వేసుకుని వేరే పొయ్యి పెట్టుకుంది. తన పాలు చేప ఎండబెట్టుకుని అమ్ముకునేది. చిన్నప్పుడు అమ్మ కొడితే నేను పారిపోయి తినేది ఆ పొయ్యి దగ్గరే. తాడు మీద అత్త పక్కన ఒక పొడుగాటి ఆవిడ ఉండేది, ఆమె కూడా ఒంటరిదే. ఆమెని నేను పెద్దమ్మా అనేవాణ్ణి. లాగేటప్పుడు వాళ్ళిద్దరి కబుర్లకి ముందున్న మగవాళ్ళు నవ్వలేక లాగలేక తిట్టేవారు.

ఆ వేసవి సెలవుల్లో విజయనగరం పాతినుప కొట్లలో తిరిగి, విరిగిన చెరుకు గానుగల పళ్ళచక్రాలు ఏరుకొచ్చాను. అక్కడే ఒక లేతు షాపులో ఇరుసులు తిప్పించి, రెండు తాళ్ళకి రెండు వించీలు చేయించాను. దుంగలు మాత్రం మా పల్లెలోనే చింతమొద్దుతో చెక్కించాను. అయ్యకీ ఇంకో ఇద్దరికీ కలిపి ఉన్న వల మీద వాటిని వాడి చూద్దామన్నాను. తిప్పడానికి ఒక్కో దానికి నలుగురు చాలు. వల ఒడ్డుకి దగ్గరయ్యాక నీళ్ళలోకి దిగి చేత్తో లాగడం ఎలాగూ వయసు వాళ్ళ పనే.

అయ్య ఆ చక్రాలని ఒక్కొక్కటీ నిమిరి చూశాడు. చివరికి అడిగాడు.

"బాగానే ఉన్నాది. మరి కొసన పట్టీవోళ్ళ సంగతేటిరా?"

దానికి నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. స్లైడ్ రూలు తీసి మరీ లెక్కలు వేసుకున్నాను కదా. "వాళ్ళు లాగినా లాగకపోయినా ఒకటే అయ్యా. వాళ్ళ బలం సున్నా" అన్నాను. అత్త తన పాక ముందు కూర్చుని చేపలు తిరగేస్తోంది. విందని నాకు తెలుసు. చెయ్యి ఒక్కసారి ఆగి మళ్ళీ కదిలింది. నేను అటు తిరక్కుండా, చక్రాలకి గ్రీజు ఎంత పట్టాలో చెప్పుకుపోయాను.

వించీలు పనిచేశాయి. సరుగుడు గుంజలు లోతుగా పాతి బిగించాం. మొదటి రోజు ఊరంతా వచ్చింది. తిప్పుతున్నవాళ్ళు ఇది వలా, గానుగా అని ఒకరినొకరు ఎగతాళి చేసుకున్నారు. తాడు దుంగ మీద పొరలు పొరలుగా చుట్టుకుని అక్కడక్కడ బిగిసిపోయింది గాని, వల వచ్చింది, చేప పడింది. పనిలేకుండా పోయిన వయసు వాళ్ళు ఇంకో వల చూసుకున్నారు. కొసవాళ్ళు మాత్రం అలవాటుగా బుట్టలతో వచ్చారు. పట్టడానికి తాడు ఎక్కడా లేదు. కాసేపు నిలబడి, ఇసకలో దూరంగా కూర్చున్నారు.

పంపకం దగ్గర అయ్య అత్తని పిలిచాడు. ఆమె లేవలేదు. నేను వెళ్ళి, ఊరికినే ఇస్తారు, రా తీసుకో అన్నాను.

"తాడట్టకుండా తీసుకుంటే అది పాలు కాదురా అల్లుడా, ముష్టి" అంది. కోపంగా కాదు. తెలియనివాడికి చెప్పినట్టు చెప్పింది.

ఆ సాయంత్రమే వించీలు పీకేసి ఉండాలి. పీకలేదు. ఊళ్ళో అంతా నన్ను ఇంజనీరూ అని పిలవడం మొదలుపెట్టారు. ఆ పిలుపు వదులుకోలేకపోయాను. కాలేజీకి తిరిగి వెళ్ళి ఆ వించీ బొమ్మ గీసి చూపిస్తే లెక్చరర్లు మెచ్చుకున్నారు. ఎంతమంది పని ఎంతమందితో అవుతుందని అడిగితే గర్వంగా చెప్పాను. మిగిలినవాళ్ళు ఏమయ్యారని వాళ్ళడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ తర్వాత కాళ్ళూపడం ఇంకా ఎక్కువైంది. మెస్సులో సగం తిని లేచిపోయేవాణ్ణి. విజయనగరం వెళ్ళడానికి ఆదివారం దాకా కూడా ఆగేవాణ్ణి కాదు.

నాలుగో ఏడు మొదట్లో బెల్టుల రాపిడి మీద పాఠం జరిగింది. దుంగకి తాడు మూడు చుట్లు తిప్పి ఒక పక్క ఎంత బరువు వేలాడదీసినా, రెండో పక్క కొసని కాస్త బిగబట్టి ఉంచితే చాలు, జారదు. బరువునంతా రాపిడే మోస్తుంది. లెక్చరరు బోర్డు మీద సమీకరణం రాసి, కొస దగ్గర బలం సున్నా అయితే అవతల నిలిచేదీ సున్నాయే అని చెప్పి, తుడిచేసి, తరవాత లెక్కలోకి వెళ్ళిపోయారు. నేను వెళ్ళలేకపోయాను. సున్నా అన్న మాట నేను ఎవరి గురించి వాడానో నాకు తెలుసు.

దసరా సెలవులకి వెళ్ళేసరికి అత్త పాకలో పొయ్యి లేదు. మా ఇంట్లోనే తింటోంది. తింటోందనే గాని, అమ్మ రెండోసారి వడ్డించబోతే కంచం మీద చెయ్యి అడ్డం పెట్టేది. అంతకుముందు అలాంటి అలవాటు ఆమెకి లేదు. పొడుగు పెద్దమ్మ ఊళ్ళోనే లేదు. శ్రీకాకుళం బస్టాండు దగ్గర ఏదో కాఫీ హోటల్లో గ్లాసులు కడుగుతోందన్నారు.

మర్నాడే దుంగలు విప్పించి నడుము సన్నగా చెక్కించాను. ఇక తాడు మొత్తం చుట్టుకోనక్కర్లేదు. మూడు చుట్లు వేసి, అవతల వచ్చే కొసని ఒకరు బిగబట్టి లాక్కుంటూ ఇసక మీద చుట్ట వేస్తూ పోవాలి. తాడు బిగిసిపోయే బాధ తప్పుతుందని అయ్యకి చెప్పాను. అది నిజమే, కాని దానికోసం నేను చెయ్యలేదు.

అత్తని పిలిచి కొస చేతికిచ్చాను. ఆమె దాన్ని పట్టుకుని నా మొహంలోకి చూసింది.

"నాను లాగినా లాగకపోయినా ఒకటేనని సెప్పినావు గదరా."

"ఇప్పుడు కాదత్తా. నువ్వు వదిలితే వల వెనక్కి పోతుంది."

"నిజివేనా? నా మనసు కోసం సెప్తన్నావా?"

నేను ఒట్టు వెయ్యబోయాను. ఆమె ఒట్టు దాకా ఆగలేదు. వల ఇంకా దూరంగా నీళ్ళలో ఉండగా వేళ్ళు సడలించింది. తాడు దుంగ మీద బుస్సుమని జారింది. హ్యాండిళ్ళ మీద బలమంతా పెట్టి తోస్తున్న నలుగురూ అవతల బరువు లేక తూలి ఒకడి మీద ఒకడు పడ్డారు. "ఏటి సేస్తన్నావే ముసలీ, వల పోతాది, అట్టుకో" అని ఒకడు, అంతకంటే ఘాటుగా ఇంకొకడు. అయ్య పరుగెత్తి కొస అందుకునేలోపే అత్త మళ్ళీ బిగబట్టింది. ఆమె నవ్వుతోంది. చాలాకాలానికి చూశాను ఆ నవ్వు.

"ఆళ్ళు తిడతన్నారు. అయితే నిజివే" అంది.

ఆ రోజు పంపకం దగ్గర బుట్ట చాపింది. సాయంత్రం పాక ముందు పొగ లేచింది. నా తప్పు తీరిపోయిందనుకుని ఆ రాత్రి కదలకుండా పడుకున్నాను.

మర్నాడు కొసన అత్త లేదు. వేరే ముసలామె ఉంది. నాకు ఒళ్ళు మండి పాక దగ్గరికి వెళ్ళాను. అత్త ఇసకలో చేపలు పరుచుకుంటోంది. వించికి ఒక్కరికే చోటు పెట్టావు, మేమేమో ఇంతమందిమి, అందుకని వంతులేసుకున్నాం అంది, నా వైపు చూడకుండానే.

"నీ కోసం చేశాను కదత్తా" అన్నాను.

"నా ఒక్కదాని కోసవేటిరా సదివినావు?"

ఆమే మాట మార్చింది. శ్రీకాకుళం మీదుగానే వెళ్తావు గదా, ఆ పొడుగుదానికి కూడా వంతు ఉంచామని చెప్పి వెళ్ళు, వచ్చెయ్యమను అంది. సరేనన్నాను.

శ్రీకాకుళంలో బస్సు దిగి ఆ హోటలు వెతుక్కుంటూ వెళ్ళాను. పక్క సందులో, గోలెం దగ్గర ఆమె కూర్చుని ఉంది. పొడుగు మనిషి కావడం వల్ల బాగా వంగిపోయి కనిపించింది. సందు మొగలో నిలబడ్డాను. నడిచి వెళ్ళి ఒక్క మాట చెబితే అయిపోయేది. ఆ మాటకి ముందు ఇంకో మాట అనాల్సి ఉంటుందని నాకు తెలుసు. అది ఎలా మొదలుపెట్టాలో తేల్చుకోలేక ఈ కాలి మీదా ఆ కాలి మీదా బరువు మార్చుకుంటూ ఉండిపోయాను. ఇంతలో స్టేషనుకి వెళ్ళే బస్సు హారను కొట్టింది. పరుగెత్తి ఎక్కేశాను. ఆమె తలెత్తలేదనుకున్నాను.

బండిలో విజయనగరం దాకా తలుపు దగ్గరే నిలబడ్డాను. ఖాళీ ఉన్నా కూర్చోలేదు. ఊరివాళ్ళెవరో ఎలాగూ చెబుతారులే అని నాకు నేను చెప్పుకున్నాను. ఎవరో చెప్పారు కూడా. కాని అది ఎప్పటికో, చలికాలం వెళ్ళాక, టౌనుకి చేప తీసుకెళ్ళినవాళ్ళెవరో. అన్నాళ్ళూ ఆమె వంతు రోజున అత్తే పట్టి, ఆ చేప ఎండబెట్టి విడిగా దాచిందట.

వేసవికి వెళ్ళేసరికి పెద్దమ్మ తాడు కొసన ఉంది. గ్లాసులు కడిగిన సోడానీళ్ళకి వేళ్ళ సందులు పాసిపోయి, కొసని గుడ్డ చుట్టి పట్టుకుంటోంది. నేను చెప్పలేదన్న సంగతి అత్త ఎత్తలేదు. పెద్దమ్మ దగ్గరికి వెళ్ళి, బాగున్నావా అన్నాను. అంతకంటే మంచి మాట అప్పటికీ నాకు దొరకలేదు. బాగున్నానని, తాడు వదలకుండానే నా వైపు తిరిగింది.

"ఆ దినం సందు మొగని నిలబడ్డది నువ్వే గదా బాబూ" అంది. "పిలుస్తావేమోనని సేతులు తుడుసుకున్నాను."