కుంకుమ అని కొట్టిపారేసిన పగులు

ఈ పగులు గురించి ఆఫీసులో నేను పెట్టిన ఒక్క మెయిల్‌కీ ఇంతవరకు జవాబు రాలేదు. చదివారని మాత్రం తెలుసు. నేను పక్కనుంచి వెళ్తే మా సీనియర్ గొంతు తగ్గిస్తాడు. అందుకే ఇక నలుగురూ చదివేచోట రాస్తున్నాను.

విరిగిన యంత్ర భాగాలను పరీక్షించి, ఎందుకు విరిగాయో చెప్పడం మా కన్సల్టెన్సీ పని. ఆఫీసు ఈ మరాఠీ ఊళ్ళో హోట్గి రోడ్‌లో. నేను అక్కడ కొత్తగా చేరిన మెటీరియల్స్ ఇంజనీరును. అది కాగితం మీద మాట. మరమగ్గాల షెడ్లకు వెళ్తే నేను దుబాసీని. సీనియర్ మరాఠీలో అడుగుతాడు, నేను మన నేతగాళ్ళకు తెలుగులో చెప్పాలి. ఆయన పుట్టింది మన తెలుగువాళ్ళుండే కొంతం చౌక్ వెనక సందులోనే. ఫ్లాటు కొన్నాక సొంత భాష మరిచిపోయాడు. నన్ను ఎగతాళి చేయడానికి మాత్రం అది చక్కగా గుర్తొస్తుంది.

మా మేనమామ ఒక షెడ్డులో తువాళ్ళు నేసేవాడు. ఒకరోజు, పోగు మోసే నాడె అటూ ఇటూ ఆడుతుండగానే మగ్గం క్రాంక్ షాఫ్టు రెండు ముక్కలైంది. "నాడె ఇరుక్కున్నా ఆపలే. జోరుగ నడిపి ఇరగ్గొట్టిండు" అని షెడ్డు సావుకారి ఆ ముక్కలు మామ చేతికే ఇచ్చి ఇంటికి పంపేశాడు. తర్వాత, అది నిజమేనని రాయించుకోవడానికి మా ఆఫీసుకు వచ్చాడు.

విరిగిన ముఖాలను ఎవరూ ముట్టుకోకముందే ముక్కలు తెద్దామని సీనియర్‌కు ఆరోజే చెప్పాను. పాత పగులైతే తుప్పుపట్టి నల్లగా ఉంటుంది, అప్పటికప్పుడు విరిగింది మెరుస్తుంది. ఆ తేడా చెరిగిపోతే ఇక సాక్ష్యం ఉండదు.

"ఇనుము యాడికి ఉరుకుతదిరా? పోదాంతీ" అన్నాడు.

ఆయనకు తీరిక దొరికి మేము మామ ఇంటికి వెళ్ళేసరికి అత్తమ్మ బీడీలు చుట్టే చాట పక్కన పెట్టి తన పని ముగించింది. ముక్కలను కిరసనాయిలుతో తోమింది. రెండింటినీ కలిపి ఒత్తి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, నూలు చుట్టింది. మా ఇళ్ళలో దసరాకు మగ్గానికి చేసేది ఇదే.

"ఇన్నేండ్లు అన్నం బెట్టిన ఇనుము గద బేటా, ఉత్తగ పంపుతమా?" అంది.

ఆమెను ఏమనగలను? సీనియర్ ముఖం మాత్రం వెలిగిపోయింది. "అయిపాయె. ఇగ ఏం జూస్తవ్?" అన్నాడు.

ముక్కలు ల్యాబుకు తెచ్చాక నేను చూశాను. షాఫ్టు రెండో కొసన, విరగని చోట, చక్రం బిగించే గాడి ఉంది. దాన్ని ద్రావకంతో కడిగి, పగుళ్ళలోకి ఇంకే ఎర్ర రంగు పూసి, తుడిచి, తెల్ల పొడి చల్లాను. గాడి మూలనుంచి సన్నని ఎర్ర గీత పైకి వచ్చింది. అంటే ఆ ఉక్కు అక్కడ కూడా ఎప్పటినుంచో చీలుతోంది. ఒక్కరోజు చేసిన తప్పుతో అలా చీలదు.

సీనియర్ కుర్చీలోంచి లేవకుండానే అన్నాడు: "గది పగులు గాదురా. మీ అత్త బెట్టిన కుంకుమ."

టీ తాగుతున్న వాళ్ళంతా నవ్వారు. అందరూ ఇంజనీర్లే, ఈ పరీక్ష కాలేజీలో చేసి పాసైనవాళ్ళే. మళ్ళీ కడిగి మళ్ళీ చేశాను. గీత అక్కడే వచ్చింది. చూడటానికి ఒక్కడూ లేవలేదు. "మీ మామ గాబట్టి నీకు పగుళ్ళు గనవడ్తున్నయ్" అని సీనియర్, నడిపినవాడి అజాగ్రత్తే కారణమని రిపోర్టు పంపేశాడు.

ఇప్పుడు మామ ఏ షెడ్డుకు వెళ్ళినా గుమ్మంలోనే ఆపుతున్నారు. "షాఫ్టు ఇరగ్గొట్టినోడివి నువ్వే గద? మాకొద్దు మామా" అంటున్నారు. మొన్న అన్నం తింటూ నన్ను అడిగాడు: "నువ్వు జూసినవ్ గద బేటా. తప్పు నాదేనా?"

కాదన్నాను.

"గా మాట మీ ఆఫీసు జెప్పాలె. నువ్వు జెప్తే ఇంటోడు జెప్పిండంటరు."

ఆయన చెప్పింది నిజం. కాబట్టి సీనియర్ గారూ, మిమ్మల్నే అడుగుతున్నాను. ముక్క ఇంకా ల్యాబు వెనకే ఉంది, తుక్కులో పడనివ్వలేదు. ఆ గీత మీద అడ్డంగా కోయించండి. మీకు నచ్చినవాడిచేత సాన పట్టించి మైక్రోస్కోపు కింద పెట్టించండి, నేను ఆ గదిలోకి కూడా రాను. పగులు లేకపోతే ఈ ఊసు మళ్ళీ ఎత్తను. ఉంటే మీరే సావుకారి దగ్గరికి వెళ్ళి, తప్పు మా మామది కాదని చెప్పాలి. కోయిస్తారా, కోయించరా? జవాబు చెప్పండి.